గడప దాటిన కుక్క

కుక్కపిల్ల కుప్పం నుంచి పలమనేరు మీదుగా బస్సులో వచ్చింది. మా తోడికోడలు నారాయణమ్మ దాన్ని కొంగులో చుట్టి, కండక్టరు కంట పడకుండా చంటిబిడ్డను పట్టుకున్నట్టు దారంతా పట్టుకుని తెచ్చింది. గోధుమ రంగు, పొట్టి కాళ్ళు, వేలాడే చెవులు. పేరు మణి అని వాకిట్లోనే చెప్పింది. కుప్పం వైపు కుక్కలకు ఆ పేరు మామూలేనట.

మా అత్త రెడ్డెమ్మ నడిమింట్లో కంబళి మీద కూర్చుని ఆకూ వక్కా దంచుకుంటోంది. "మణి అంటే మెళ్ళో యేసుకునేది గదే. నువ్వేంది చంకనేసుకోనొచ్చినావు?" అంది. నారాయణమ్మ నవ్వి కుక్కపిల్లను కిందికి దించింది. అది అటూ ఇటూ వాసన చూసి, తిన్నగా పోయి అత్త కంబళి అంచు మీద ఉచ్చ పోసింది.

మావి గొర్రెలు కాసుకునే ఇండ్లు. ఊరు పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో, రోడ్డుకు కొంచెం ఎడంగా ఉంటుంది. మాకు కుక్క కొత్త కాదు. కానీ మా కుక్క మందలో పుట్టి మందలోనే చస్తుంది. పగలు గొర్రెల వెంట తిరుగుతుంది, రాత్రి దొడ్డి ముందర పడుకుంటుంది. దానికి పోసే అంబలి కూడా బయట రాతి తొట్టిలోనే. ఒకసారి వానకు తడిసిన కుక్క వసారాలోకి వచ్చిందని మా అత్త వసారా అంతా నా చేత పేడతో అలికించింది.

నారాయణమ్మ తండ్రి కుప్పంలో రైల్వే గ్యాంగులో పనిచేసేవాడు. వాళ్ళ క్వార్టర్సులో కుక్కలు మనుషుల పక్కన చాప మీద పడుకునేవట. ఆ ఏడాది తన ఇద్దరు కొడుకుల్నీ మదనపల్లెలో హాస్టల్లో వేసింది. ఇల్లు బోసిపోయిందని ఈ కుక్కను తెచ్చుకుంది. నా మొగుడు ఓబులప్ప పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. అది ఎనభై రెండో సంవత్సరం, శివరాత్రి దాటి ఎండలు ముదురుతున్న రోజులు. ఆయన పోయినందుకు ఇల్లు బోసిపోయిందని మాత్రం ఎవరూ అనలేదు.

అత్త కంబళి నేనే తీసుకుపోయి ఉతికాను. ఆరేసి వచ్చేసరికి మా మరిది నరసింహప్ప వసారాలో కూర్చుని ఉన్నాడు. ఓబులప్ప తమ్ముడు, నారాయణమ్మ మొగుడు. గొర్రెల్ని సంతకు తోలేదీ, చేను చూసేదీ, ఇంట్లో ఏది ఎక్కడ ఉండాలో చెప్పేదీ ఇప్పుడు అతనే. ఎవరినీ పల్లెత్తు మాట అనే మనిషి కాదు. ఏం చెప్పినా మెల్లగా, మనకు మేలు చేస్తున్నట్టు చెప్తాడు.

"ఒదినా, గొర్రెపిల్లల్ని సాకిన చెయ్యి నీది. దీన్ని కొన్నాళ్ళు కొట్టంలో పెట్టుకోని బయటికి పొయ్యేది నేర్పు" అన్నాడు.

రాత్రిపూట ఎవరు చూస్తారని అడిగాను. నేనూ అక్కడే పడుకుంటే దానికి తోడుగా ఉంటుంది కదా అన్నాడు. నా గది సంగతి అడిగాను. చెనిక్కాయ విత్తనాల మూటలు ఎక్కడ వేద్దామా అని చూస్తున్నాననీ, నేను వచ్చేదాకా అందులో వేయిస్తాననీ చెప్పాడు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉండటం చూసి, "కుక్క యెప్పుడు లోపలికొస్తే నువ్వూ అప్పుడే వచ్చేద్దువులే" అన్నాడు.

వంటింటి పక్కన చిన్న గది అది. ఓబులప్ప తానే మట్టి పిసికి గోడ పెట్టాడు. పెళ్ళయినప్పటి నుంచి నేను పడుకున్నది అందులోనే. నాకు పిల్లలు నిలవలేదు, మొగుడు పోయాడు. ఇక ఆ గది ఉంటేనే నేను ఆ ఇంటి కోడల్ని. అది పోతే చేటలు చెరిగి, కొట్టం ఊడ్చి, పెట్టింది తినే మనిషిని. ఆ సంగతి నాకు తెలుసు. మెల్లగా మాట్లాడే మా మరిదికీ తెలుసు.

అందుకే కుక్కకు నేర్పడం నాకు ఆట కాలేదు.

చలికాలంలో తల్లి లేని గొర్రెపిల్లల్ని మేము గంప కింద మూస్తాము. ఏ జంతువైనా తాను ఒదిగి పడుకున్న చోటు తడుపుకోదు. మణిని కూడా అట్లాగే చీకటి పడగానే పాత గోనె మీద పడుకోబెట్టి గంప మూశాను. మొదట్లో అది ఏడ్చి ఏడ్చి నన్ను చంపింది. తెల్లవారుజామున గంప ఎత్తగానే నేల తగలనివ్వకుండా ఎత్తుకుని, పెరట్లో పెంటదిబ్బ దగ్గరికి పోయి అక్కడ దించేదాన్ని. అది పోసేదాకా మాట్లాడకుండా నిలబడేదాన్ని. పోశాక వీపు నిమిరి ఇంత సంగటి ముద్ద పెట్టేదాన్ని. తిన్నాక మళ్ళీ దిబ్బ దగ్గరికి. నిద్ర లేచాక మళ్ళీ దిబ్బ దగ్గరికి. కొట్టంలో ఎక్కడైనా పోస్తే ఆ తడిసిన గడ్డి తీసుకుపోయి దిబ్బ మీద వేసేదాన్ని, వాసన పట్టుకుని అక్కడికే పోతుందని.

మా అత్త వసారాలోంచి చూస్తూ, "కడుపున పుట్టినోళ్ళకు చెయ్యాల్సింది కుక్కకు చేస్తాండాది" అనేది. అటూ ఇటూ పోయేవాళ్ళు వినేటట్టే అనేది. ఎప్పుడూ ఆమె అనేది, నేను వినేది. మా ఇద్దరి మధ్య మాటలంటే అంతే.

నారాయణమ్మ మాత్రం పొద్దునా సాయంత్రం వచ్చి, ఈరోజు ఎక్కడ పోసింది అక్కా అని అడిగేది. దిబ్బ మీదే అంటే సంబరపడేది. ఆమెకు ఆ కుక్క మీద నిజంగానే ప్రాణం. ఆమె సంబరం చూసి నాకూ ఆశ పుట్టేది.

మణి నేర్చుకుంది. మామిళ్ళు పిందె కట్టే నాటికి, గంప ఎత్తగానే అదే పరుగెత్తుకుని దిబ్బకు పోయి, పని చూసుకుని, తోక ఊపుకుంటూ వెనక్కి వచ్చేది. పగలు కొట్టం వాకిలి వేసి ఉంటే తలుపు గీకేది. ఆ మాట నారాయణమ్మే మొగుడికి చెప్పింది. నరసింహప్ప ఒకరోజంతా చూసి, "సరే, లోపలికి తెచ్చుకోండి" అన్నాడు.

నేను నా చాప, దుప్పటి, గంప తీసుకుని లోపలికి పోయాను. గది తలుపు తెరిస్తే దూలం దాకా మూటలు. మనిషిని పిలిచి తీయిస్తాము, అందాకా నడిమింట్లో అత్త పక్కన పడుకోమన్నారు. సరే అన్నాను. కొట్టంలో నుంచి నడిమింటికి వచ్చినదాన్ని, నడిమింట్లో నుంచి గదికి పోలేనా అనుకున్నాను.

మొదటి రోజులు బాగానే గడిచాయి. ఒకనాటి పొద్దున అలకడానికి పేడనీళ్ళు కలుపుకుని వచ్చేసరికి, అత్త మంచం పక్కన నేల తడిగా ఉంది. నారాయణమ్మ వచ్చి చూసి, "అయ్యో, మళ్ళా మొదలుపెట్టెనా?" అంది. కుక్క తన కాళ్ళకు చుట్టుకుంటే మొదటిసారి దాన్ని దూరంగా నెట్టింది. మర్నాడు లేదు. ఆ మర్నాడు మళ్ళీ తడి.

మా ఇండ్లలో ఎన్నడూ కుక్క లోపల ఉన్నది లేదు. కాబట్టి లోపల తడి కనిపిస్తే అది కుక్కదేనని అందరూ అనుకున్నారు. ఇంకొకరిది కావచ్చునన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. నాకూ మొదట రాలేదు. గంప పక్కకు జరిగిందేమోనని దాని మీద రోకలి బండ పెట్టాను.

పొద్దున చూస్తే రోకలి బండ రోకలి బండలాగే ఉంది. గంప కింద మణి కళ్ళు మిటకరిస్తోంది. అత్త మంచం పక్కన నేల తడిసి ఉంది. మంచం నులక కింద నుంచి ఒక్కొక్క చుక్కే రాలుతోంది.

అత్త గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోవడం లేదని వీపు చూస్తేనే తెలుస్తోంది.

"అత్తా, కుక్క గంప కింద ఉండాది" అన్నాను.

గోడకు చెప్పినట్టు చెప్పింది. "లేపి మళ్ళా మూసింటావు."

"రోకలి బండ పెట్టిండాను."

ఆమె తిరగలేదు. దిండు కింద ఉన్న ధాన్యం కొట్టు తాళంచెవిని మాత్రం చేత్తో తడిమి చూసుకుంది. ఆ ఇంట్లో ఆమెకు మిగిలింది ఆ తాళంచెవీ, నడిమింట్లో ఆ మంచమే. నా చేత వసారా అలికించిన మనిషి, నేను మొగుణ్ణి మింగానని నలుగురిలో అన్న మనిషి, పసిబిడ్డలాగా ముడుచుకుని ఉంది. నాకు జాలి కలిగిందని రాస్తే అబద్ధం. నేను ఆలోచించింది వేరే. ఈ సంగతి బయటపడితే నరసింహప్ప ఈమెను కొట్టంలోకి పంపుతాడు. ముసలామెను ఒంటరిగా పంపాడన్న మాట రాకుండా పెద్దకోడల్ని తోడు పంపుతాడు. బయటపడకపోతే, కుక్క నేర్చుకోలేదని కుక్కతో పాటు నన్ను పంపుతాడు. ఎటు చూసినా కొట్టమే. నా గది నాకు దక్కాలంటే నడిమిల్లు పొడిగా ఉండాలి. అంతే.

ఆమె చీర మార్చాను. మంచం బయట వేసి నీళ్ళు పోశాను. నేల అలికాను. ఎవరూ లేవలేదు.

మర్నాటి నుంచి తెల్లవారకముందే ఇద్దర్నీ లేపేదాన్ని. ఒక చేత్తో గంప ఎత్తేదాన్ని, ఇంకో చెయ్యి అత్తకు ఇచ్చేదాన్ని. మణి ముందు పరుగెత్తేది. మేమిద్దరం వెనక. రాత్రి కూటిలోకి మజ్జిగ తగ్గించాను. పడుకునే ముందు ఒకసారి, మధ్యాహ్నం కునుకు తీసి లేవగానే ఒకసారి పెరట్లోకి తీసుకుపోయేదాన్ని. దిబ్బ పక్కన ఆమె కూర్చుని లేచేటప్పుడు మోకాళ్ళు పట్టేసేవి. నడుము కింద చెయ్యి వేసి లేపేదాన్ని.

"నన్నూ కుక్కనూ ఒకటి చేసినావు గదే" అంది ఒకనాడు.

"కుక్క తొందరగా నేర్చుకునింది అత్తా" అన్నాను.

ఎన్నో ఏళ్ళుగా ఆమె అన్న వాటికి నేను తిరిగి అన్నది అదొక్కటే. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా భుజం పట్టుకుని గడప దాటింది.

నడిమిల్లు ఎండింది. నారాయణమ్మ మళ్ళీ కుక్కను ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టింది. మూటల సంగతి గుర్తు చేస్తే, జాతర అయిపోగానే మనిషిని పిలుస్తానన్నాడు నరసింహప్ప.

గంగమ్మ జాతరకు కుప్పం నుంచి నారాయణమ్మ తల్లి నాగరత్నమ్మ వచ్చింది. ఆమెతో పాటు ఇంకొంతమంది చుట్టాలు. పొట్టేలు కోసి, అందరూ కడుపు నిండా తిని, నడిమింట్లో ఆకూ వక్కా ముందు పెట్టుకుని కూర్చున్నారు. మా అత్త కంబళి మీద మధ్యన కూర్చుంది. ఇంటి పెద్ద కదా. పాత కరువుల మాటలు చెప్తోంది. నాగరత్నమ్మ నవ్వుతూ వింటోంది. మణి ఆమె ఒళ్ళో నిద్రపోతోంది. మాంసం చారు తిన్న రోజు, నీళ్ళు బాగా తాగి ఉంటుంది అత్త. నేను రెండుసార్లు వాకిట్లోంచి సైగ చేశాను. ఆమె చూసింది. చుట్టాల మధ్యలోంచి కోడలు చెయ్యి పట్టుకుని పెరట్లోకి పోవడం ఇష్టంలేక చూడనట్టు మాట్లాడుతూనే ఉంది.

మాట మధ్యలో ఆగింది. కంబళి కింద నుంచి తడి సన్నగా జారి, నున్నగా అలికిన నేల మీద తాంబూలం పళ్ళెం దాకా వచ్చింది.

"పాడు కుక్క, మళ్ళా పోసె" అంది అత్త.

అందరూ నాగరత్నమ్మ ఒళ్ళోకి చూశారు. మణి అక్కడే ఉంది. ఒక చెవి కింద వేసుకుని నిద్రపోతోంది. కుక్క అక్కడుంటే ఇక్కడెట్లా పోస్తుందని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

నరసింహప్ప లేచాడు. ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి. నాగరత్నమ్మ ఒళ్ళోంచి కుక్కను మెడ పట్టుకుని లేపి, గడప దగ్గరికి తీసుకుపోయి కింద వేసి, కాలితో తన్నాడు. అది వాకిట్లో దొర్లి, లేవబోయి పడింది. పోయి ఇంకోసారి తన్నాడు. తిరిగి వచ్చి తన చోట కూర్చుని, "యెంత నేర్పినా దీనికి బుద్ధి రాల్యా" అన్నాడు. ఎప్పటిలాగే మెల్లగా అన్నాడు.

నాగరత్నమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "చిన్నది గదప్పా" అంది, దూలం వైపు చూస్తూ. ఇంకొకాయన ఈసారి వాన ఎట్లా ఉంటుందోనన్నాడు. ఆ మాట అందరూ పట్టుకున్నారు. తాంబూలం పళ్ళెం ఎవరో పక్కకు జరిపారు. నారాయణమ్మ లేచి వంటింట్లోకి పోయింది. అక్కడ నీళ్ళ కుండ ముందు నిలబడి ఏడ్చింది. నేను బూడిద తెచ్చి తడి మీద చల్లాను. అత్త నా తల మీదుగా ఎటో చూస్తూ కూర్చుంది. తల్లి పరువు కాపాడాను అనుకున్నాడేమో మా మరిది. ఆ తర్వాత ఆమె ఆ ఇంట్లో కరువుల మాట కానీ, మరే మాట కానీ ఎత్తింది లేదు.

మర్నాడు నాగరత్నమ్మ మణిని వెనక్కి కుప్పం తీసుకుపోయింది. దాని వెనక కాలు నేల మోపడం లేదు. నారాయణమ్మే తల్లికి ఇచ్చి పంపింది. బస్సు దాకా పోయి వచ్చి, తిన్నగా అత్త మంచం దగ్గరికి పోయి, దిండు కింద నుంచి తాళంచెవి తీసి తన బొడ్డులో దోపుకుంది. అత్త చూస్తూ ఉంది. అడగలేదు.

సాయంత్రం నరసింహప్ప నన్ను వసారాలోకి పిలిచాడు. "అమ్మకు లోపల ఉక్కగా ఉండాదంట ఒదినా. కొట్టంలో గాలి బాగా ఆడతాది. మంచం ఆడ యేయిస్తా" అన్నాడు. ఇంకొంచెం గొంతు తగ్గించి, "కుక్కకే నేర్పినావు. అమ్మకు నేర్పలేవా?" అన్నాడు.

కొట్టంలో ఒక పక్క అత్త మంచం, ఒక పక్క నా చాప. ఊళ్ళో ఎవరైనా అడిగితే ముసలామెకు ఎండ పడలేదని చెప్పారు. ఎవరూ రెండోసారి అడగలేదు. నేను నా పని మానలేదు. తెల్లవారకముందు, తిన్నాక, కునుకు తీసి లేచాక. ఇప్పుడు ఎవరి కంటా పడకుండా పోవాల్సిన పని లేదు కాబట్టి పని సులువయింది. ఆమె ఎదురు చెప్పడం మానేసింది. కొన్నాళ్ళకు నేను లేపకముందే లేచి మంచం పట్టె మీద కూర్చుని నా కోసం చూసేది. చీర తడవని పొద్దులు ఎక్కువయ్యాయి. తర్వాత అన్నీ అవే.

వాన పడింది. ఏరువాకకు విత్తనాల మూటలు చేనికి పోయాయి. కొట్టంలోంచి చూస్తే, కూలివాళ్ళు నా గదిలోంచి ఒక్కొక్క మూటే బయటికి మోస్తున్నారు. అత్త కూడా లేచి కూర్చుని చూసింది. చివరి మూట పోయాక గది తలుపు తెరిచే ఉంది. ఓబులప్ప పెట్టిన గోడ కనిపించింది. నేను పోయి ఊడ్చి అలికాను. ఎవరూ వద్దనలేదు.

ఇంకో నాలుగు రోజులకు బండి వచ్చి వాకిట్లో ఆగింది. దాంట్లోంచి వేరే మూటలు దించి, నేను అలికిన గదిలో వేశారు. వాటి మీద ఏమో రాసి ఉంది. అప్పటికి నాకు అక్షరాలు రావు. వాసన చూసి ఎరువని తెలుసుకున్నాను.

ఆ రోజు నేనే నరసింహప్ప దగ్గరికి పోయాను. గది మాట ఎత్తలేదు. అమ్మ ఇప్పుడు తడపడం లేదని, శానా దినాలుగా పొడిగా ఉందని చెప్పాను. అతను బండివాడి వైపు నుంచి తల తిప్పి సంతోషంగానే విన్నాడు.

నేను కొట్టంలోకి వచ్చేసరికి అత్త మంచం పట్టె మీద కూర్చుని ఉంది. నేను ఎక్కడికి పోయి వచ్చానో ఆమెకు తెలుసు.

"చెప్పినావా?" అంది.

"చెప్పినాను."

"యేమనె?"

"మంచిదాయ అన్న్యాడు. అట్లే సూసుకో అన్న్యాడు."

ఇంకా ఏదో మిగిలి ఉంటుందని ఆమె నా ముఖం చూస్తూ కూర్చుంది. నేను చెయ్యి అందించాను. పట్టుకుని లేచింది.